ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారా?

మే 4, ఆదివారం

పంపకాలు అయిపోయాయి. పొద్దున్నే వదిన దిగింది, తమ్ముడి తరఫు పెద్దమనిషిగా, చేతిలో కొలతల టేపుతో. సోఫా మెట్ల మలుపు దగ్గర తిరుగుతుందో లేదో చూడటానికట. దొరగారు మాత్రం పైకి రాలేదు, కింద వ్యానులోనే కూర్చున్నారు. (ఇక మీదట ఈ డైరీలో అతనికి ఇదే పేరు. అసలు పేరు రాయాలంటే కలం మొరాయిస్తోంది.) పదకొండేళ్ళు కాపురం చేసిన ఇంటికి మెట్లెక్కి రావడానికి మొహం చెల్లలేదు కాబోలు. లేదా మోకాళ్ళ నొప్పేమో. అతని సంగతి చెప్పలేం.

ఫ్రిజ్ నాకు, వాషింగ్ మెషీను అతనికి. మంచం నాకు, పరుపు అతనికి. ఇదెక్కడి న్యాయం అంటే, "వాడి నడుం సంగతి నీకు తెలియందేముందమ్మా" అంది వదిన. నా నడుం ఇనుముతో పోతపోశారు మరి. టీవీ, దానికి తగిలించే ఆటల పెట్టె నాకే వచ్చాయి. అతను కొత్తది కొనుక్కున్నాడట.

అల్మరాలో ఆటల డబ్బాలు వరసగా ఉన్నాయి, ఓ నలభై దాకా. వదిన వాటి ముందు ఆగింది.

"ఇవేంటి, పుస్తకాలా?"

"టీవీలో ఆడుకునే ఆటలు వదినా."

"ఆఁ, ఇవా! ఇవన్నీ నీకే ఉంచెయ్యమన్నాడు. ఒక్కటి కూడా ముట్టుకోవద్దన్నాడు."

ఇంత ధారాళం ఎప్పట్నుంచో! లోపల పొంగిపోయాను. పైకి మాత్రం మొహం గంటు పెట్టుకునే ఉన్నాను. అయినా అతను నాకిచ్చేదేమిటి, అవన్నీ నేను కొన్నవే. ఆటల పిచ్చి నాది. పెళ్ళయ్యే నాటికి అతనికి కంట్రోలర్ ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలియదు.

వాళ్ళు వెళ్ళాక నేల మీద కూర్చుని ఒక్కొక్క డబ్బా తెరిచాను. ప్రతి దాంట్లో ఒక చీటీ. చీటీ మీద గీకేసిన వెండి పూత, దాని కింద అంకెలు. అవి ఒక్కసారి కొడితే అంతే, మళ్ళీ పనికిరావు. ఆ ఒక్కసారీ అతని ఖాతాలోనే కొట్టాం. కొత్తల్లో నా కార్డు ఆటల కంపెనీ ఆన్‌లైన్ షాపులో పనిచేసేది కాదు, ఇద్దరికీ రెండు ఖాతాలెందుకు దండగ, నీదాంట్లోనే వేసేద్దాం అనుకున్నాం. అనుకున్నాం ఏమిటి, అన్నది నేనే.

డబ్బాలు నాకిచ్చి లోపలివి పట్టుకుపోయాడు. పాపం వదినకి తెలియదు, టేపు పెట్టి సోఫా కొలుస్తూ ఉంది.

మే 5

టీవీలో ఆట పెట్టి చూశాను, నేను కట్టుకున్న ఊరు తెరుచుకుంది. ఖాతాలోంచి నన్నింకా తీసెయ్యలేదు.

మే 6

భోజనాల వేళ, నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో కూర్చుని ఆటల కంపెనీ సహాయం వాళ్ళతో మాట్లాడాను. మాట్లాడడమంటే ఫోనులో టైపు కొట్టడం. అవతల ఉన్నది మనిషో మెషీనో ఇప్పటికీ తెలియలేదు.

నేను కొన్న ఆటలు నా పేరు మీదికి మార్చమన్నాను.

"తప్పకుండా సహాయం చేస్తామండీ. మీరు ఖాతాలో ప్రధాన సభ్యులా?"

"కాదు, రెండో సభ్యురాలిని. కానీ కొన్నది నేను."

"ఆటలు ప్రధాన సభ్యుల ఖాతాకే చెందుతాయండీ."

"మేం విడిపోతున్నాం. చెరి సగం చేసుకోవచ్చు కదా?"

"క్షమించాలి. మీరు కొన్నది ఆట కాదండీ, ఆడుకునే అనుమతి. అనుమతిని పంచడం, అమ్మడం, మరొకరికి మార్చడం కుదరదు. మీ కుటుంబం కలిసి ఉన్నంత కాలం నిశ్చింతగా ఆడుకోండి."

ఒళ్ళు మండింది. అయినా తమాయించుకుని, పోనీ ఆ ఊరి ఆట ఒక్కటి మళ్ళీ కొనుక్కుంటాను, మిగతావి అతని నెత్తిన కొట్టుకోమనండి అన్నాను. ఆ ఆట అమ్మడం రెండేళ్ళ కిందటే ఆపేశారట. ఉన్నవాళ్ళు ఆడుకోవచ్చు, కొత్తగా ఎవరూ కొనలేరు. పైగా కొన్నా ఏం లాభం, కొత్త ఆటలో బోడి నేల ఉంటుంది గానీ నా ఊరు ఉండదు. ఊరు కుటుంబ ఖాతాలో ఉంది.

చివర్లో ఈ సంభాషణకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగారు.

మే 7

నిన్నటి కోపం ఇంకా దిగలేదు కాబట్టి రాస్తున్నాను. ఆ ఊళ్ళో కాలవ తవ్వింది నేను. కొండ పక్కన మెట్లు మెట్లుగా తోట వేసింది నేను. గాలిమర, రాతి వంతెన, వీధి వీధికీ బెంచీలు, అన్నీ నేనే. దొరగారు తొమ్మిదేళ్ళపాటు చెరువు పక్కన గుడిసె వేసుకుని చేపలు పట్టారు. మొక్కలకి నీళ్ళు పొయ్యవయ్యా అంటే, "నువ్వున్నావుగా" అనేవాడు. ఒక్కనాడు ఒక్క చెంబు పోసిన పాపాన పోలేదు.

ఆ పెద్ద ఆపరేషన్ తరవాత నేను మంచం మీద ఉన్న నెలలన్నీ ఆ ఊళ్ళోనే ఉన్నాను. ఇక పిల్లలు పుట్టరని చెప్పారు కదా, ఇంటికొచ్చినవాళ్ళు జాలిగా చూసి వెళ్ళేవాళ్ళు. ఊళ్ళో ఎవరూ జాలి పడలేదు. రోజుకో చెట్టు నాటేదాన్ని. ఆ తోట ఎందుకు పోనివ్వాలి? ఎవడి అబ్బసొమ్మని?

మే 11, ఆదివారం

ఇవాళ ఎనిమిదింటికి టీవీ పెట్టి ఊరు తెరవబోతే తెర మీద ఈ మాట వచ్చింది:

ఈ ఆటను మీ కుటుంబ సభ్యులు మరొకరు ఆడుతున్నారు.

కుటుంబ ఖాతాలో ఒక ఆట ఒకసారి ఒక్కళ్ళే ఆడాలి. అంటే దొరగారు ఊళ్ళో ఉన్నారు.

కంట్రోలర్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఇల్లు వదిలి, మనిషిని వదిలి, పరుపు పట్టుకుపోయినవాడికి ఊళ్ళో ఏం పని?

నేనేమీ అనుకోవడం లేదు. ఊరికే రాసి పెట్టుకుంటున్నాను.

మే 12

తోటకి ఎవరో నీళ్ళు పోశారు. ఎవరో ఏమిటి, ఇంకెవరున్నారు! నాలుగు మెట్ల తోట, ఒక్క మొక్క వదలకుండా. ఇన్నేళ్ళలో పోయనివాడు ఇప్పుడు పోశాడు.

మనిషి మారాడా?

మే 13

మళ్ళీ ఎనిమిదింటికే. మళ్ళీ నీళ్ళు.

మే 15

షాపులో తలవంపులు. రెండు ట్రేలు తారుమారు చేశాను. రిటైరయిన లెక్కల మేస్టారి ఫ్రేములో బేకరీ ఆవిడ అద్దాలు బిగించాను, ఆవిడ ఫ్రేములో ఆయనవి. మేస్టారు పెట్టుకుని వీధిలోకి వెళ్ళి, గుమ్మం మెట్టు ఎక్కడుందో తెలియక అక్కడే నిలబడిపోయారు. "అమ్మాయ్, ఊరంతా ఒక పక్కకి ఒరిగింది" అన్నారు. ఆయనకి కోపం రాలేదు గానీ మా ఓనరుకి వచ్చింది.

"ఏమ్మా, ధ్యాస ఎక్కడుంది? ఒకళ్ళ కళ్ళజోడు ఇంకొకళ్ళకి పెడితే పని జరుగుతుందా?"

"పొరపాటయింది సార్."

"ఇంట్లో ఏమైనా..."

"ఏం లేదు సార్. అన్నీ బాగున్నాయి. బాగుపడుతున్నాయి."

ఎందుకలా అన్నానో. నోరు జారింది.

మే 18, ఆదివారం

కంపెనీ నుంచి నెలవారీ ప్రశ్న వచ్చింది. ఇద్దరికీ వస్తుంది, ఇద్దరూ జవాబివ్వాలి.

మీరిద్దరూ ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటున్నారా? అవును. కాదు.

ఎన్నేళ్ళుగానో చూడకుండా నొక్కిన ప్రశ్న. ఇవాళ రెండుసార్లు చదివాను. నేను "అవును" అన్నాను. నా ఊరి కోసం అన్నాను, అంతే. కానీ అతను? "కాదు" అంటే చాలు, నా పీడ వదిలిపోతుంది. ఏడాది దాకా ఆ ఖాతా గడప తొక్కనివ్వరు నన్ను. నోటితో చెప్పాల్సిన పని కూడా లేదు, వేలితో ముట్టుకుంటే సరి.

కాసేపటికి వచ్చింది: ధన్యవాదాలు. మీ కుటుంబ సభ్యులిద్దరూ నిర్ధారించారు.

అవునన్నాడు.

మే 19

అవునన్నాడు. నేను అడగలేదు, బతిమాలలేదు.

మే 25, ఆదివారం

వదిన కాగితాలు తెచ్చింది. ఇద్దరి ఒప్పందంతో విడిపోవడానికి. అతను సంతకం పెట్టేశాడు, నాది ఒక్కటే బాకీ. టీ తాగినంతసేపూ ఆ కాగితాల కట్టని బల్ల మీద నావైపు జరుపుతూనే ఉంది.

"పెట్టెయ్ అమ్మాయ్. నాన్చితే ఎవరికి లాభం చెప్పు."

"తొందరేముంది వదినా. మీ తమ్ముడు మనసులో ఏముందో మీకు తెలుసా?"

"వాడి మనసులో ఏముంటుందే! తినడం, పడుకోవడం. ఏం, ఫోన్ గానీ చేశాడా?"

"ఫోనే చెయ్యాలా?"

వదిన నన్ను ఎగాదిగా చూసింది. పాపం, ఆవిడకి ఇవన్నీ ఎలా అర్థమవుతాయి. కాగితాల మీద సంతకం ఎవరైనా పెడతారు, ఎవరో పెట్టమన్నారని పెడతారు. ఎవరూ చూడనప్పుడు నొక్కిన "అవును" వేరు. అలాగని వదినతో అనలేదు. ఆలోచించి చెబుతానన్నాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అల్మరా సగం ఖాళీగా ఉంచావేమే, నీ బట్టలు సర్దుకోరాదూ" అంది. సర్దుకుంటానన్నాను.

జూన్ 1

ఊరి మధ్యలో ప్రకటనల బోర్డు ఉంది. ఎనిమిది వరసలు పడతాయి. ఇవాళ రాశాను: "నీళ్ళు పోస్తున్నందుకు సంతోషం. కొండ మీది తోటకి ఎక్కువ పోయకు, వేళ్ళు కుళ్ళుతాయి."

అంతే. ఇంకేం రాయలేదు. ఎనిమిదింటి లోపల బయటికొచ్చేశాను, అతని వేళకి అడ్డం ఉండకూడదని.

జూన్ 2

కొండ మీది తోటకి తక్కువ పోశాడు.

జూన్ 3

బోర్డు మీద జవాబు రాయలేదు. అతను ఎప్పుడు రాశాడు గనక! పెళ్ళికి ముందు నేను మూడు ఉత్తరాలు రాస్తే, "అందాయి" అని ఒక్క ముక్క పంపినవాడు. నాకు తెలియని మనిషా?

జూన్ 8

వంతెన దగ్గర కొత్త దీపం వెలిగింది. నేను పెట్టలేదు. ఆ పక్కంతా చీకటిగా ఉంటుంది, ఎప్పుడూ అనేదాన్ని, అక్కడ ఒక దీపం ఉంటే బాగుండునని. విన్నాడన్నమాట. అప్పుడు విననట్టే కూర్చుని ఇప్పుడు పెట్టాడు. చెప్పొద్దూ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా మొహం, దీపానికి ఏడవడమేమిటి.

బోర్డు మీద రాశాను: "దీపం చూశాను."

జూన్ 12

ఈ వారం రోజూ రాశాను. రాసినవి ఇక్కడ మళ్ళీ ఎక్కించను, సిగ్గేస్తోంది. ఆపరేషన్ రోజుల గురించి రాశాను. అప్పుడు నీకూ బాధే అని నాకు తెలుసు, నేనే ఎప్పుడూ అడగలేదు అని రాశాను. నువ్వు వంటింట్లో నిలబడి కుళాయి తిప్పి ఏడ్చేవాడివని తెలుసు అని కూడా. ఎదురుగా ఎన్నడూ అనుకోని మాటలు. బోర్డు ఎనిమిది వరసలేనాయె, రోజుకి కొంచెం కొంచెం రాస్తున్నాను. మర్నాటికి చూస్తే తోట తడిగా ఉంటుంది.

ఓనరు అడిగాడు, మొహం కళగా ఉందే, ఏమిటి విశేషం అని. మా ఆయన వచ్చేస్తున్నాడు సార్ అనేశాను.

జూన్ 18

మీరిద్దరూ ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటున్నారా?

నాకంటే ముందే అతను "అవును" అన్నాడు. నేను షాపు నుంచి వచ్చి చూసేసరికే ఉంది. నేనూ నొక్కాను.

జూన్ 21, శనివారం

జుట్టు కత్తిరించుకున్నాను. ఆదివారాలు దొరగారు అక్కగారింట్లో భోంచేస్తారు. రేపు వెళ్తాను. ఎంతకాలం ఈ దొంగాట? బోర్డు మీద అదే రాశాను: "రేపు మధ్యాహ్నం వదిన ఇంటికి వస్తున్నాను. ఎదురెదురుగా మాట్లాడుకుందాం. అవునన్నావు కదా, ఆ మాట నోటితో అను, చాలు."

జూన్ 22, ఆదివారం

రాయకపోతే బుర్ర పగిలేలా ఉంది.

పొద్దున్న ఊరు తెరవలేదు. ఏ బట్టలు కట్టుకోవాలా అని అద్దం ముందే పొద్దెక్కిపోయింది. వెళ్ళేసరికి అక్కా తమ్ముడూ కంచాల ముందు ఉన్నారు. అతను లావెక్కాడు. నన్ను చూసి చెయ్యి ఆగింది.

"రా అమ్మాయ్, కంచం పెడతాను" అంది వదిన. "సంతకం పెట్టావా?"

"అందుకు కాదు వదినా. ఇతనితో మాట్లాడాలి."

"మాట్లాడు, నేనేమైనా చెవులు మూసుకోవాలా?"

నేను అతనివైపు తిరిగాను. దారి పొడుగునా బట్టీ పట్టిన మాటలన్నీ ఎగిరిపోయాయి. "రెండు నెలలు అవునన్నావు. ఇప్పుడు వదిన ముందు కూడా అను" అన్నాను.

"ఏం అవునన్నాను?"

"కంపెనీ వాళ్ళు అడిగినదానికి. ఒకే ఇంట్లో ఉంటున్నామా అని. ఊళ్ళో నీళ్ళు పోస్తున్నావు, దీపం పెట్టావు. నేను రాసినవన్నీ చదువుతున్నావు. ఇంకా ఎందుకు నటిస్తావు?"

వదిన ముద్ద మింగడం ఆపింది. "ఏ ఊరు? ఎక్కడ? ఏరా, నాకు చెప్పకుండా స్థలం గానీ కొన్నారా?"

"స్థలం కాదక్కా, టీవీ ఆట." అతను నన్ను చూశాడు. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి ఉంటే బాగుండేది. జాలిగా చూశాడు. "ఆ ఖాతా అమ్మేశాను. గది అడ్వాన్సుకి తక్కువ పడితే. ఇల్లు మారిన వారంలోనే."

"అమ్మేశావా?"

"ఎవరో కొన్నారు. పేరు కూడా తెలీదు. పాస్‌వర్డ్ చెప్పాను, అయిపోయింది."

"అవి నేను కొన్నవి."

"డబ్బాలన్నీ నీకే ఇచ్చానుగా!"

నిజంగానే అన్నాడు. వెటకారం కూడా కాదు. ఆ మొహంలో ఉన్నది చూస్తే, నాకు పెద్ద ఉపకారం చేశానని మనస్ఫూర్తిగా నమ్ముతున్నట్టే ఉంది. డబ్బాలు అల్మరాలో అందంగా ఉంటాయని, నేనెప్పుడూ తుడుస్తూ ఉంటానని.

"అందులో నేనింకా ఉన్నానని తెలీదా నీకు?"

"నువ్వు అవన్నీ మానేసి ఉంటావనుకున్నా. అవతలివాళ్ళకీ అదే చెప్పా, రెండో మనిషి ఉంది గానీ ఎవరూ వాడరు అని."

తల కొట్టేసినట్టయింది. ఆపరేషన్, వంటింటి కుళాయి, అన్నీ ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పుకున్నాను. మూడు వారాలపాటు, రోజుకి ఎనిమిది వరసల చొప్పున. వాళ్ళు ఎంత నవ్వుకుని ఉంటారు! పదిమందిని పిలిచి చదివి వినిపించి ఉంటారు. నీళ్ళు పోసింది నా మీద జాలితోనో, ఇంకా ఏం వాగుతుందో చూద్దామనో.

వదిన మెల్లిగా లేచి వచ్చి నా భుజం మీద ఎడమ చెయ్యి వేసింది, కుడి చెయ్యి ఎంగిలి కాబట్టి. "ఆ కాగితాలు ఇక్కడే ఉన్నాయమ్మాయ్, ఇంకో కాపీ" అంది. అంత ప్రేమగా ఆవిడ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. సంతకం పెట్టాను. కలం అతనిదే. ఇంకు సరిగ్గా పడక రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కంపెనీకి ఫిర్యాదు రాశాను. ప్రధాన సభ్యుడు ఖాతా అమ్ముకున్నాడు, వాడుతున్నది బయటివాళ్ళు, మేం ఒకే ఇంట్లో లేం, ఎన్నాళ్ళనుంచో లేం. అన్నీ రాసి పంపేశాను. పోనీ, అందరిదీ పోనీ. నాకు లేని ఊరు ఎవడికీ ఉండకూడదు.

జూన్ 23

కంపెనీ వాళ్ళకి ఇంత చురుకు ఎక్కడినుంచి వచ్చిందో! పొద్దున్నకల్లా జవాబు వచ్చేసింది.

"మీ నిజాయితీకి ధన్యవాదాలు. విచారణలో నియమాల ఉల్లంఘన రుజువైంది. ఈ ఖాతాను 25వ తేదీ మధ్యాహ్నం శాశ్వతంగా మూసివేస్తున్నాము. ఇందులోని అన్ని అనుమతులూ రద్దవుతాయి."

బాగా అయింది అనుకున్నాను. కళ్ళజోడు స్క్రూలు బిగిస్తూ పొద్దుటి పూటంతా బాగా అయింది, బాగా అయింది అనుకుంటూనే ఉన్నాను. మధ్యాహ్నానికి తట్టింది, దొరగారికి ఏం పోయిందని? డబ్బు ఎప్పుడో అందింది, గదిలో దిగాడు, అక్కగారింట్లో తింటున్నాడు. అతని వెంట్రుక కూడా కదల్లేదు. పోయింది నాది, ఆ కొన్నవాళ్ళది.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని టైపు కొట్టాను.

"క్షమించాలండీ, కుదరదు. ఒకే ఇంట్లో ఉంటున్నట్టు ఈ నెల 18న మీరే నిర్ధారించారు. అది నిజం కాదని ఇప్పుడు మీరే రాశారు. నియమం మీరు కూడా ఉల్లంఘించారు."

"నా తోట ఉందండీ అందులో."

"మీ భావాలను గౌరవిస్తాము. ఈ సంభాషణకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

జూన్ 24

షాపుకి సగం రోజు సెలవు పెట్టాను. ఒకసారి కళ్ళారా చూసుకుందామని మధ్యాహ్నం ఊరు తెరిచాను. బోర్డు మీద నా రాత లేదు. వేరే వాళ్ళ రాత ఉంది. ఎనిమిది వరసలు చాలక, పక్కన ఇంకో బోర్డు పాతి మరీ రాశారు. కింద తేదీ శనివారం, 21. అంటే నేను వదిన ఇంటికి బయల్దేరే ముందే అక్కడ ఉంది. ఆదివారం పొద్దున్న నేను అద్దం ముందు కూర్చున్నంతసేపూ ఉంది.

ఇది పూర్తిగా ఎక్కిస్తున్నాను. రేపటికి అక్కడ ఉండదు కాబట్టి.

"దయచేసి రేపు వెళ్ళకండి. నేను ఆయన్ని కాను. ఈ ఖాతా ఒకాయన దగ్గర కొన్నాను. మీరు రాసినవి చదివాను, తప్పే. మొదటి రోజే చెప్పాల్సింది. చెబితే మీరు మళ్ళీ రారేమోనని భయపడ్డాను. తోట అంత బాగా వేసినవాళ్ళు మానేస్తే ఎలా అనిపించింది."

రెండో బోర్డు:

"నేను లాండ్రీలో పని చేస్తాను. రోజంతా ఆవిరిలో ఇస్త్రీ. ఇంటికొచ్చి మీ చెరువు గట్టున కూర్చుంటే ఒళ్ళు చల్లబడినట్టు ఉంటుంది. మీకు తలుపు మూసెయ్యకూడదనే అవునని నొక్కాను. ఇక ముందు కూడా నొక్కుతాను, మీకు ఇష్టమైతే. మీ ఆపరేషన్ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్కా అని పిలవచ్చా?"

నేను పెద్దగా ఏడ్చాను. పక్క వాటా వాళ్ళు తలుపు కొట్టి ఏమైందని అడిగారు. టీవీలో సినిమా అన్నాను.

ఒక్కరు, ఈ రెండు నెలల్లో ఒకే ఒక్కరు నా మాట విన్నారు. ఎక్కువ నీళ్ళు పోయకు అంటే తక్కువ పోశారు. చీకటిగా ఉందని వాళ్ళంతట వాళ్ళకే తోచి దీపం పెట్టారు. వాళ్ళ నోటి దగ్గరిది నేను లాగేశాను. ఇస్త్రీ చేసి కూడబెట్టి కొనుక్కున్నది. వాళ్ళకీ పనికొచ్చే చీటీ లేదు, నాకూ లేదు. నాకు కనీసం డబ్బాలున్నాయి.

సాయంత్రం దాకా ఊళ్ళోనే ఉన్నాను. కాలవలో చెత్త తీశాను. కొండ మీది తోటకి కొంచెం, కింది తోటలకి నిండా నీళ్ళు పోశాను. రేపు మధ్యాహ్నం మాయమైపోయే మొక్కలకి నీళ్ళెందుకంటే ఏం చెప్పను, దాహంగా కనిపించాయి. దొరగారి గుడిసె పీకేశాను. అది మాత్రం సంతోషంగా పీకాను. ఆ చోట చెరువు వైపు తిప్పి ఒక బెంచీ వేశాను.

బోర్డు మీద రాయడానికి చాలాసేపు పట్టింది. చివరికి ఇది రాశాను: "అక్కా అనే పిలువు. నీ మాట చూడకముందే నేను వెళ్ళొచ్చాను. కోపంలో కంపెనీకి రాశాను. రేపు మధ్యాహ్నం ఖాతా మూసేస్తారు, నీ ఆటలన్నీ పోతాయి. తప్పు నాది. ఎంత తిట్టినా పడతాను. ఇవాళ రాత్రి నేను లోపలికి రాను, ఊరంతా నీకే వదిలేస్తున్నాను. చెరువు గట్టున బెంచీ వేశాను."

ఇల్లెక్కడో, ఫోన్ నంబరెంతో అడగాలని బయటికొచ్చాక తోచింది. మళ్ళీ లోపలికి వెళ్ళి రాద్దామని కంట్రోలర్ తీసుకున్నాను. అప్పటికే ఎనిమిదయింది.

ఈ ఆటను మీ కుటుంబ సభ్యులు మరొకరు ఆడుతున్నారు.

తిట్టుకుంటున్నారో, బెంచీ మీద కూర్చున్నారో నాకు తెలియదు. ఈసారి ఎవరో మాత్రం తెలుసు. టీవీ ఆపలేదు. ఆ మాట అలాగే తెర మీద ఉంచి, కంచం తెచ్చుకుని దాని ఎదురుగా భోజనానికి కూర్చున్నాను.